బంగారు పళ్ళు

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి ప్రాణం ఉన్నట్టే, ప్రాణం లేనిది తిరగదు కదా, అని హెలెన్ మోకాళ్ళ మీద కూర్చుని, పక్క రేకు ఊడదీసిన కంప్యూటర్ డబ్బాలోకి తల దూర్చి తనకి తానే సర్దిచెప్పుకుంటోంది, కొత్త గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు రెండూ అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి, తిరగడమైతే తిరుగుతున్నాయి గాని పైన బల్ల మీద మానిటర్ మాత్రం సిగ్నల్ లేదు అని ఒక్క ముక్క చూపించి మళ్ళీ నల్లగా కళ్ళు మూసుకుంటోంది, దాని మూల ఉన్న దీపం నారింజ రంగులో మినుకుమంటోంది, నీలంగా మారాల్సిన దీపం అది, మారనంటోంది, డబ్బా లోపల మదర్‌బోర్డు అంచున ఇంకో దీపం, ఆవగింజంత తెల్లది, అది మాత్రం ఏ తొందరా లేకుండా నిలకడగా వెలుగుతోంది, అది వెలిగిందంటే బోర్డుకి కార్డు కనిపించడం లేదని అర్థం, ఇటుకంత కార్డు, నిన్న సాయంత్రమే పెట్టెలోంచి తీసిన కార్డు, ఒళ్ళోనే కూర్చుని ఉంటే కనిపించడం లేదట, ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ముల్లా ఉన్నాయి రెండూ, బొమ్మ వచ్చిందా అమ్మా, అని వీధరుగు మీంచి నాన్న అబ్రహాము అడిగాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చి కొక్కేనికి తగిలించి, ఇప్పుడే వేసుకుంటే నలుగుద్దని బనీను మీదే తిరుగుతున్నాడు పొద్దుట్నుంచీ, ఆయన లెక్కలో టీవీ అయినా కంప్యూటరైనా వచ్చేది బొమ్మే, వచ్చుద్ది నాన్నా, అని గొంతు నిబ్బరంగా పెట్టి చెప్పింది హెలెన్, ఆ నిబ్బరం ఎక్కడ్నుంచి తెచ్చిందో ఆమెకే తెలియదు, వంటింట్లో అమ్మ సువార్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది, ఆ ఘాటు ఇక్కడిదాకా వచ్చి కళ్ళు మండిస్తోంది, మండితే మండనీ, కళ్ళమ్మట నీళ్ళొచ్చినా ఉల్లిపాయల వల్లనే అని చెప్పుకోవచ్చు.

భోజనాల వేళ దాటాక సంఘపెద్దలు వస్తారు, పామర్రు అవతల సొంతూరు నుంచి కారు మాట్లాడుకుని మరీ వస్తారు, ఊళ్ళో పాత చర్చి గోడలు ప్రతి తుఫానుకీ ఇంకాస్త బీటలు వారుతున్నాయి, ఆరాధన మధ్యలో పైకప్పు పెచ్చులు రాలి పాటల పుస్తకాల మీద పడుతున్నాయి, ఇక పడగొట్టి కొత్తది కట్టాల్సిందేనని తీర్మానించారు, కట్టేది ఎవరన్నది ఇవాళ తేల్చేస్తారు, రామకోటేశ్వరరావు గారా, అబ్రహామా, రామకోటేశ్వరరావు గారంటే బెజవాడలో పేరున్న కాంట్రాక్టరు, నాన్న ఇన్నేళ్ళూ ఆయన దగ్గరే తాపీ పని చేశాడు, మనిషి మంచివాడే, పండక్కి బట్టలు పెడతాడు, ఆయన మెరిసే కాగితం మీద ఎక్కడిదో పెద్ద చర్చి బొమ్మ అచ్చువేయించి పెద్దల చేతుల్లో పెట్టాడు, పని ఆయనకి వచ్చినా ఇటుక పెట్టేది నాన్నే, కాకపోతే ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆయన, అదే నాన్న మనసులో ములుకు, తను బాప్తిస్మం తీసుకున్న చర్చి, తాత మట్టి మోసిన చర్చి, ఒక్కటంటే ఒక్కటి నా బుర్రతో కట్టాలని ఉందమ్మా, అని పోయినసారి ఊరెళ్ళొస్తూ బస్సులో అన్నాడు, కిటికీలోంచి వరిచేలు చూస్తూ, హెలెన్ వైపు తిరక్కుండా అన్నాడు, ఆ మనిషి తనకంటూ ఒకటి కావాలనడం హెలెన్ వినడం అదే మొదలు, ఆ మాట పట్టుకుంది, పగలంతా మంగళగిరి ఆఫీసులో ఎవరెవరివో అపార్ట్‌మెంట్లు, ఇంకా పునాది కూడా పడని ఇళ్ళు, నిజంగా ఉన్నట్టే తెర మీద కట్టి చూపించడం ఆమె ఉద్యోగం, ఎవరివో కట్టగా లేంది నాన్నది కట్టలేనా అనుకుంది, నాన్న టేపు పట్టి కొలిచిన కొలతలతో, నాన్న వేలితో గాలిలో గీసి చూపించిన ఆర్చీలతో, ఇంట్లో ఈ డబ్బాలో చర్చి లేపింది, ఫోన్లో ముక్క పంపిస్తే పెద్దల్లో పెద్దాయన ఫిలిప్ మాస్టారు, ఒకప్పుడు ఊరి బళ్ళో హెడ్మాస్టరు, చీమంత ఉందమ్మా, మా అద్దాలకి ఆనదు, మేమే వస్తాం, పెద్ద తెర మీద చూపించు, తలుపు ఇటు కాదు అటు అంటే అటు తిప్పి చూపించగలవా, అన్నారు, చూపిస్తానండీ మాస్టారూ అని మాటిచ్చేసింది, మాటిచ్చిన మర్నాడే పాత కార్డు చారలు చారలుగా మూలిగి ఆరిపోయింది, అందుకు ఈ కొత్తది, అందుకు ఈ నల్లటి తెర, ఇవాళ బొమ్మ రాకపోతే మెరిసే కాగితమే గెలుస్తుంది.

కేబుల్ ఎక్కడ పెట్టావు, బోర్డు దాంట్లోనా, కార్డు దాంట్లోనా, అని ఫోన్లో ఆసిమ్ అడుగుతున్నాడు, కాలేజీలో ఒకే బెంచీ కాకపోయినా ఒకే ల్యాబు, ఇప్పుడు వన్‌టౌన్‌లో కంప్యూటర్ల కొట్టు చూసుకుంటున్నాడు, కార్డు కొన్నది అతని దగ్గరే, నేనేమన్నా నిన్న పుట్టానా, కార్డుకే పెట్టాను, అంది హెలెన్, అట్టా కోప్పడకు, మన ఇంజినీర్లలో సగంమంది బోర్డుకి పెట్టి నన్ను తిడతారు, వాళ్ళ పరువు కోసం పేర్లు చెప్పట్లేదంతే, అన్నాడు, కార్డుకి కరెంటు తీగ టక్కుమనేదాకా నొక్కమన్నాడు, నొక్కింది, టక్కుమంది, కేబుల్ మార్చి చూడమన్నాడు, ఎదురింటికెళ్ళి వాళ్ళ టీవీ కేబులూ సెట్‌టాప్ బాక్సూ అడిగి తెచ్చింది, సీరియల్ వేళకి ఇచ్చెయ్యాలమ్మాయ్ అని మరీ ఇచ్చారు, ఆ పెట్టె తగిలిస్తే ఇదే మానిటర్లో వార్తలు దివ్యంగా వచ్చాయి, అంటే మానిటర్ తప్పు లేదు, కేబుల్ తప్పూ లేదు, మెమరీ ముక్కలు తీసి ఒక్కటే ఉంచి చూడమన్నాడు, చూసింది, బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టమన్నాడు, పెట్టింది, కార్డు ఊడదీసి మళ్ళీ పెట్టమన్నాడు, అది పొద్దుట్నుంచి ఎన్నోసారో, తీసింది, పెట్టింది, ఎంత సుఖంగా దిగుతుందో గాడిలోకి, వెన్నలోకి వేలు దిగినట్టు, పాతది పెట్టాలంటే బొటనవేలు కమిలిపోయేది, కొత్త సరుకంటే ఇలా ఉండాలి అని పొద్దున మురిసిపోయింది కూడా, మళ్ళీ స్విచ్చి వేస్తే మళ్ళీ అదే ఆవగింజంత తెల్ల దీపం, అయితే పీసే పోయుండాలి, తెచ్చెయ్, కంపెనీకి పంపిస్తా, మార్చిస్తారు, అన్నాడు ఆసిమ్, ఎప్పటికి అంటే క్రిస్మస్ దాటాక అన్నాడు, ఇంకోటి ఉంటే ఇప్పుడే బండి మీద తెచ్చిచ్చేవాణ్ణి, కొట్లో ఉన్నది అదొక్కటే, ఫైళ్ళు పట్టుకుని ఇక్కడికి రా, కొట్టు కంప్యూటర్లో చూపిద్దాం, అని అని, తనే మళ్ళీ, బిల్లులు కొట్టే కంప్యూటరు, నీ చర్చి మోయలేక అక్కడికక్కడే కూలబడుద్దిలే, అని నవ్వబోయి, ఇటువైపు నవ్వు వినపడక మానేశాడు, ఏడ్చావా ఏంటి, అని అడిగాడు, ఉల్లిపాయలు, అంది.

పోనీలేమ్మా, కాగితం మీద గీసి చూపిద్దాం, నా చేత్తో నేను గీస్తాను, అని గుమ్మంలో నిలబడి నాన్న అన్నాడు, అంటూ కొక్కేనికున్న చొక్కా వైపు ఒకసారి చూశాడు, ఆ చూపు హెలెన్‌కి సూదిలా దిగింది, పోనీలే అనడం ఈ ఇంట్లో అందరికీ ఎంత బాగా వచ్చో, తను మాత్రం పోనీలే అనలేకే చదివింది, ఈ వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి, బ్యాంకు కాగితమైనా కరెంటు బిల్లయినా ఆస్పత్రి చీటీ అయినా చదివి చెప్పేది తనే, తనకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, తను చేసే పనేమిటో ఈ ఇంట్లో ఒక్కరికీ తెలియదు, మా అమ్మాయి కంప్యూటర్లో ఇళ్ళు కడుద్ది అని అమ్మ వీధిలో చెప్పుకుంటుంది, ఎవరుంటారమ్మా ఆ ఇళ్ళల్లో, అని తననే అడుగుతుంది, నిన్న సాయంత్రం కొత్త కార్డు చేతిలో పట్టుకుని తను మురిసిపోతుంటే అమ్మ పప్పు గరిటె పట్టుకునే వచ్చి నిలబడి, ఇంత ఉంది, ఇందులో ఏది ముఖ్యమమ్మా, అని అడిగింది, తను ఏదో చెప్పింది, పప్పు పొంగుతోందని అమ్మ మధ్యలోనే లోపలికి పరిగెత్తింది, విన్నదో లేదో, వినకపోయినా తప్పులేదు, వింటే మాత్రం ఏం అర్థమవుతుంది, అనుకుంటూ హెలెన్ డబ్బా మీద చెయ్యి వేసింది, వెచ్చగా ఉంది, ఈ డబ్బాని నాన్న నెత్తిన మోశాడు, బుడమేరు వాగు పొంగి తాముండే సింగ్‌నగర్ అంతా మునిగిన రోజు, రొమ్ముల్లోతు నీళ్ళలో, సిమెంటు తట్ట మోసినట్టు ఒంటి చేత్తో పట్టుకుని పక్కవాళ్ళ మేడ మీదికి చేర్చాడు, తన పనిముట్ల సంచి నీళ్ళలో వదిలేశాడు, నీ తాపీ ఏది నాన్నా అంటే, తాపీ ఎక్కడన్నా దొరుకుద్ది, ఇందులో నీ పనుంది కదా అన్నాడు, అంత వరద మింగలేకపోయిన దాన్ని ఆవగింజంత దీపానికి అప్పగిస్తానా, పోనీలే అంటానా, అనను, కాగితం వద్దు నాన్నా, నువ్వు కుర్చీలు తెచ్చి వెయ్యి, అంది, ఈసారి గొంతులోని నిబ్బరం ఎక్కడ్నుంచీ తేవాల్సిన పని లేకపోయింది.

మళ్ళీ మొదట్నుంచి రా, అని తనని తానే ప్రశ్నలడుగుతున్న టీచరులా అనుకుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అంటే కార్డుకి కరెంటు అందుతోంది, మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది, నిన్నమొన్నటిదాకా పాత కార్డుతో బోర్డు బాగానే పనిచేసింది, చెడినది కార్డు కావచ్చు, లేదా కార్డుకీ బోర్డుకీ మధ్య ఉన్న దారి కావచ్చు, కార్డు చెడితే తను చెయ్యగలిగిందేమీ లేదు, కాబట్టి దారినే అనుమానించాలి, ఆ దారి ఏమిటి, గాడి, గాడిలోకి దిగే పళ్ళు, వాటిని తను ఎన్నిసార్లో దించింది, ఎన్నిసార్లు దించినా ఎంత సుఖంగా, అక్కడ ఆమె ఆలోచన తట్టుకుని ఆగింది, ఎందుకంత సుఖంగా దిగాలి, ఇనుప తలుపైనా కొత్తలో బిగుతుగానే ఉంటుంది, కొత్త చెప్పు కరుస్తుంది, కొత్త తాళం మొరాయిస్తుంది, కొత్తదేదైనా పట్టుగా దిగాలి గాని జారుతుందా, పొద్దుట్నుంచి మెచ్చుకుంటున్నది ఏ గుణాన్నో అదే జబ్బు కాదు కదా, స్విచ్చి ఆపింది, తీగలు తీసింది, గాడి చివర మీట నొక్కి కార్డు బయటికి తీసింది, ఇంతసేపూ దాన్ని అంచులు పట్టుకుని గాడి వంకే చూస్తూ తీసిందీ పెట్టిందీ, దాని అడుగు వంక ఒక్కసారైనా చూడలేదు, ఇప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి డిసెంబరు ఎండలో తిరగేసి పట్టుకుంది, దువ్వెన పళ్ళలా వరసగా సన్నటి బంగారు గీతలు, వాటి మీద పల్చటి మసక, చలికి పేరుకున్న నెయ్యిలాంటి మసక, వేలితో తాకితే మెత్తగా జారింది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె, తన జడ వాసనేమో అనుకుంది, తను తలకి నూనె రాసుకుని వారమైంది, కొబ్బరినూనె, అందులో కొంచెం అగరు వాసన, ఈ వాసన తనకి తెలుసు, ఇంటర్ పరీక్షల నాటి హాల్ టికెట్ వాసన ఇది, ఫొటో మీద నూనె మరక పడి మొహం అవతలికి కనపడుతుంటే పరీక్ష గదిలో సారు దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఏంటమ్మా, బజ్జీలు కట్టించుకొచ్చావా ఇందులో, అని అడిగాడు, గదంతా నవ్వింది, జ్వరమొస్తే నుదుటి మీద, ఉద్యోగంలో చేరినరోజు చెప్పుల మీద, నాన్న కొత్త తాపీ పిడి మీద, ఈ ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా దాని మీద, కిటికీ పక్క బైబిలు దగ్గరుండే చిన్న సీసా, పాస్టరు గారు ప్రార్థన చేసిచ్చిన నూనె.

అమ్మా, దీనికి నూనె రాశావా, అని ఆమె అడిగింది, గట్టిగా అరుద్దామనుకున్నది గొంతుదాకా వచ్చి మామూలు మాటలాగే బయటపడింది, సువార్తమ్మ చేతులకి శనగపిండితో వంటింటి గడప మీద నిలబడింది, కూతురి మొహం చూసింది, చేతిలో కార్డు చూసింది, ఏదో తప్పు జరిగిందని అప్పుడే తెలిసిపోయింది ఆమెకి, రాశానమ్మా, నువ్వు స్నానానికెళ్ళినప్పుడు, ప్రార్థన చేసి రాశాను, నువ్వు చెప్పిన చోటే రాశాను, ఇంకెక్కడా చెయ్యి పెట్టలా, అంది మెల్లిగా, జడకి పట్టించినట్టు రెండు వేళ్ళ మధ్య ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రాశానని పిండి వేళ్ళతోనే చూపించింది, హెలెన్‌కి వేడి చెవులదాకా ఎక్కింది, పొద్దుట్నుంచి తను పడిన యాతనంతా, ఎదురింటి కేబులూ, బిళ్ళ బ్యాటరీ, ఆసిమ్ జాలి, అంతా నోట్లోకి వచ్చింది, అప్పుడే కుర్చీలు మోసుకొస్తున్న నాన్న సంగతి విని, నా తాపీకి కూడా రాసింది మీ అమ్మ, నయం, తాపీకి బొమ్మ రానక్కర్లా, అన్నాడు, ఆ మాటకి హెలెన్ నోట్లోది నవ్వయిపోయింది, కోప్పడ్డానికి ఇప్పుడు వేళ కూడా లేదు, మెత్తటి గుడ్డ కావాలమ్మా, నీ పాత నేత చీర ముక్క, అంది, చిరిగేదాకా ఉతికిన మంగళగిరి చీర ముక్క ఒకటి తెచ్చి, చేతికివ్వడానికి భయపడి బల్ల మీద పెట్టి అమ్మ వెనక్కి తగ్గింది.

ఇక చేతులకి దారి తెలుసు, పెన్సిలు డబ్బాలో ఉన్న రబ్బరుతో పళ్ళ మీద ఒకే వైపుకి, మెత్తగా, తప్పు చెరిపినట్టు చెరిపింది, రబ్బరు పొడి జిడ్డుగా ఉండలు కట్టి రాలింది, కరోనా నాటి నుంచి అలమరలో మిగిలిపోయిన శానిటైజరు సీసా మూత తీసి చీర ముక్క తడిపి రెండు పక్కలా తుడిచింది, మళ్ళీ రబ్బరు, మళ్ళీ తడిగుడ్డ, బంగారం బంగారంలా మెరిసేదాకా తుడిచింది, కార్డు సరే, గాడి సంగతి, ఇన్నిసార్లు దించితే గాడి లోపలి పెదాలకీ నూనె అంటే ఉంటుంది, అంత సన్నటి సందులోకి ఏది దూరుతుందని చుట్టూ చూస్తే సొరుగులో నాన్న పేరిట తను ముచ్చటపడి అచ్చువేయించిన విజిటింగ్ కార్డులు కనిపించాయి, అబ్రహాము, తాపీ మేస్త్రి, కింద ఫోను నంబరు, ఇవ్వడానికి సిగ్గుపడి నాన్న ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు, కట్ట కట్టే ఉంది, ఒక కార్డుకి చీర పేలిక ఒక్క మడత చుట్టి తడిపి గాడిలో నిలువునా దించి తీసింది, పేలిక మసిగా జిడ్డుగా వచ్చింది, ఇంకో పేలిక, ఇంకోటి, తెల్లగా వచ్చేదాకా, ఆ తర్వాత ఆరనివ్వాలి, ఆరనివ్వడమే అన్నిటికంటే కష్టం, ఫ్యాను కింద నిలబడి కార్డుని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది, సందు చివర ఏదో కారు హారన్ మోగితే ముగ్గురి తలలూ అటే తిరిగాయి, ఆ కారు ముందుకి వెళ్ళిపోయింది, ఇక చాలనిపించాక కూర్చుని పళ్ళని గాడి మీద ఆనించి నొక్కింది, దిగలేదు, ఇంకాస్త నొక్కింది, మొరాయించింది, బొటనవేలు తెల్లబడేదాకా నొక్కితే అప్పుడు టక్కుమని గట్టిగా కరిచిపట్టింది, ఆ నొప్పికి హెలెన్‌కి ప్రాణం లేచొచ్చింది, అదీ కొత్త సరుకంటే, తీగ పెట్టింది, కేబుల్ పెట్టింది, స్విచ్చి వేసింది, ఫ్యాన్లు లేచాయి, ఆవగింజంత తెల్ల దీపం వెలిగింది, వెలుగుతూనే ఉంది, గుమ్మం దగ్గర నాన్న, గడప మీద అమ్మ, ఎవరూ కదల్లేదు, వెలిగిన దీపం చటుక్కున ఆరిపోయింది, బల్ల మీద నారింజ చుక్క నీలమైంది, నల్లటి తెర నడిమధ్య కంపెనీ ముద్ర తెల్లగా, నిండు చందమామలా లేచింది, వచ్చింది నాన్నా, బొమ్మ వచ్చింది, అని ఆమె అంటుంటే అబ్రహాము పరిగెత్తుకొచ్చి చూసి, ఇదా చర్చి, అని నీరసపడ్డాడు, ఇది కంపెనీ వాళ్ళ ముద్ర నాన్నా, చర్చి లోపలుంది, నువ్వు చొక్కా వేసుకో, అంది హెలెన్, నవ్వుతూ, మోకాళ్ళ మీద నుంచి లేస్తూ, లేచి నిలబడితే ఇల్లు చిన్నదైపోయినట్టు, తన తల పైకప్పుకి తగులుతున్నట్టు అనిపించింది, మొదట్లో తెర మీద అంతా ముద్ద ముద్దగా ఉంటే కొత్త కార్డుకి కావాల్సిన డ్రైవర్లన్నీ నెట్‌లోంచి దింపుకుంది, ఆ దిగే కాసేపట్లో ఆసిమ్‌కి ఫోన్ చేసి, కార్డు బంగారం, మా అమ్మ దీవెన కొంచెం ఎక్కువైందంతే, అని సంగతి చెప్పింది, అతను పగలబడి నవ్వి, మా అమ్మ ఇంకా నయం, కొత్త ఫోను కొంటే ఊదు పొగ పట్టిద్ది, వారంపాటు ఫోను చెవిలో పెట్టుకుంటే దర్గాలో ఉన్నట్టుంటది, అన్నాడు, మీ అమ్మ బేగం బీ గారికి నా సలాం చెప్పు అని పెట్టేసింది, తెర ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, వెలిగినప్పుడు నీటి మీది ఎండలా తేటగా వెలిగింది, అందులో చర్చి నిలబడి ఉంది.

వందనాలండీ, వందనాలు, అనుకుంటూ వచ్చి కూర్చున్నారు ఫిలిప్ మాస్టారూ, మిగతా పెద్దలూ, స్త్రీల సమాజం తరఫున అమలమ్మ గారూ, అమలమ్మ గారి ఒళ్ళో రామకోటేశ్వరరావు గారి మెరిసే కాగితం చుట్టి ఉంది, అబ్రహాము తెల్ల చొక్కాలో ఎక్కడ నిలబడాలో తెలియక గోడని ఆనుకున్నాడు, హెలెన్ మౌసు పట్టుకుంది, చేలగట్టు మీదుగా నడుచుకుంటూ వెళ్ళినట్టు వాళ్ళని చర్చి దగ్గరికి తీసుకెళ్ళింది, అదుగో మన కాలవ, అని ఎవరో అన్నారు, ఆర్చీ కింద నుంచి లోపలికి తీసుకెళ్ళింది, పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేల మీద పరిచిన చాపల మీద బారుగా పడుతోంది, మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, ఈ కిటికీ ఎవరి ఆలోచన అని అడిగారు, నాన్నదండీ, అంది, సాయంత్రం ప్రార్థనకి లైటు వెయ్యక్కర్లేకుండానండీ, అని గోడ దగ్గర్నుంచి అబ్రహాము సన్నగా అన్నాడు, అంతా బానే ఉంది గాని అమ్మాయ్, అని అమలమ్మ గారు ముందుకి వంగింది, చెప్పులెక్కడ విడవాలి, ఆవిడ అడిగినదాంట్లో వేళాకోళం లేదు, ఇప్పుడు మెట్ల కింద విడుస్తున్నాం, వానొస్తే ఒకళ్ళ చెప్పులు ఒకళ్ళ దొడ్లో తేలతన్నాయి, పోయిన ఆదివారం మా ఆడపడుచు వట్టికాళ్ళతో ఇంటికెళ్ళింది, ఈ కాగితంలో కూడా చూశాను, అందులో బెంచీలున్నాయి, బూట్లతో వెళ్ళే చర్చి అది, మనది కాదు, అంది, హెలెన్ వెనక్కి తిరిగి నాన్న వైపు చూసింది, ఆయన అరచెయ్యి నేలకి సమంగా పట్టి ముందుకి జరిపి చూపించాడు, గోడ అంచున అంత ఎత్తు అరుగు, ముందుకి వసారా, అర్థమైంది, ఆమె చెయ్యి కదిలింది, అందరూ చూస్తుండగా మెట్ల దగ్గరి నేల ముందుకి సాగింది, దాని మీద కప్పు పరుచుకుంది, గోడ పొడుగునా చెప్పుల అరుగు లేచింది, ఆడవాళ్ళకి ఇటు, మగవాళ్ళకి అటు, చివర ముసలివాళ్ళు కూర్చుని చెప్పులు విప్పుకోడానికి తిన్నె, కార్డు ఫ్యాన్లు ఒక్క క్షణం ఊపందుకుని మళ్ళీ నిమ్మళించాయి, ఓరినీ, అప్పుడే కట్టేసింది, అంది అమలమ్మ గారు, ఒళ్ళోని కాగితం చుట్ట జారి కింద పడితే ఎవరూ తియ్యలేదు, మాస్టారు మిగతావాళ్ళ వైపు చూశారు, వాళ్ళు తలలూపారు, ఆయన గోడ వైపు తిరిగి, అబ్రహామూ, పండగ కాగానే పాతది దించేద్దాం, పునాదికి ముగ్గు ఎప్పుడు పోస్తావు మరి, అన్నారు, మీరెప్పుడంటే అప్పుడేనండీ, అన్నాడు అబ్రహాము, నెత్తిన ఏదో మోస్తున్నట్టు ఒక చెయ్యి తల మీదికి పోయింది, ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, నంబరు ఇవ్వవయ్యా, పిలవడానికి, అని ఎవరో అంటే తడుముకుని సొరుగులోంచి ఒక కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాడు, తన పేరున్న కార్డు ఆయన ఇంకొకరి చేతిలో పెట్టడం హెలెన్ చూసింది.

పకోడీల పళ్ళేలు వచ్చాయి, నవ్వులూ, కరకరలూ, క్రిస్మస్ తారలు ఎక్కడ చవకో అన్న కబుర్లూ గదినిండా ఉన్నాయి, హెలెన్ ఒళ్ళు తేలిపోతోంది, గెలిచాను, గెలిచాం, అని లోపల డప్పులాగా ఒకటే మోత, అంత మోతలోనూ అమ్మ పళ్ళెం అందించడానికి కూడా కంప్యూటర్ బల్లకి బారెడు దూరంలోనే ఆగిపోయి, చేతులు చీర చెంగులో దాచుకుని నిలబడటం కనిపించింది, మళ్ళీ దేనికి తగులుతానో అన్నట్టు, ఎందుకమ్మా అంత దూరం, తుడిచేశానుగా, ఇందాక ఏమన్నావు నువ్వు, నువ్వు చెప్పిన చోటే రాశాను అన్నావు, నేనేం చెప్పాను, ఎప్పుడు చెప్పాను, అని వెతుక్కుంటూ హెలెన్ మనసు నిన్నటి సాయంత్రంలోకి, పప్పు గరిటె దగ్గరికి వెళ్ళింది, ఇంత ఉంది, ఇందులో ఏది ముఖ్యమమ్మా, అని అమ్మ అడిగింది, తను తొడుగు తీసి బంగారు గీతలు చూపించి విసురుగా, ఎలాగూ నీకు అర్థం కాదులే అన్నట్టు చెప్పింది, ఈ పళ్ళేనమ్మా, దీని ప్రాణమంతా ఇక్కడే ఉంది, రెండూ మాట్లాడుకునేది ఇక్కడ్నుంచే, ఇది తప్పితే మిగతాదంతా వట్టి ఇనుము, అంది, పప్పు పొంగుతోందని పరిగెత్తిన మనిషి ఆ మాటలు మోసుకునే పరిగెత్తింది, మళ్ళీ వచ్చినప్పుడు మెరిసే ఫ్యాన్ల మీద రాయలేదు, అందంగా ఉన్న రేకు మీద రాయలేదు, పెట్టె మీద పెద్దక్షరాల పేరు మీద రాయలేదు, ఎవరు రాసినా అక్కడే రాసి ఉండేవాళ్ళు, ఇటుకంత ఇనుములో వేలెడు చోటు వెతుక్కుని, అక్కడే, ఒక్క పన్ను కూడా వదలకుండా రాసింది, హెలెన్ లేచి వెళ్ళి చెంగులో దాచుకున్న ఆ చెయ్యి బయటికి తీసి పట్టుకుంది, శనగపిండి, ఉల్లిపాయ, అడుగున ఎక్కడో కొబ్బరినూనె, ఇలా రామ్మా, చర్చిలోకి నువ్వింకా వెళ్ళలేదు, అని కుర్చీ దగ్గరికి నడిపించింది, మౌసు మీద ఆ చెయ్యి పెట్టి పైన తన చెయ్యి వేసింది, తెర మీద తలుపు తెరుచుకుంటోంది, తన పని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదని ఇన్నాళ్ళూ అనుకుంది, అమ్మ విన్నది, తను చెప్పిన ప్రతి మాటా విన్నది.